పొగ లేని నిప్పు

కంటికి కనబడని వ్యాపారం ఒకటి శరీరం లోపల జరుగుతున్నదో లేదో తెలుసుకోవడానికి మనిషి బయటి గుర్తును ఆశ్రయిస్తాడు. ఆ గుర్తు మసకగా కనబడినప్పుడు లోపలి వ్యాపారం కూడా మందగించిందని నిర్ణయించవచ్చునా అన్న ప్రశ్న భారతీయ తర్కశాస్త్రానికి చిరపరిచితమైనది. పిండిపదార్థాలను దాదాపు మానివేసి కొవ్వును ప్రధానాహారంగా తీసుకొనే కీటోజెనిక్ నియమాన్ని పాటించేవారు వేలి కొనను సూదితో పొడిచి, నెత్తుటి చుక్కను సన్నని పట్టీకి అంటించి, మీటరు మీద 0.2 అనో 0.3 అనో అంకె కనబడగానే ఇన్నాళ్ల శ్రమ వృథా అయిందని కుంగిపోతున్నారంటే, వారు తమకు తెలియకుండానే ఒక అనుమానం చేస్తున్నారు. శాస్త్రంలో అనుమానమంటే తెలిసిన గుర్తును పట్టుకొని తెలియని విషయాన్ని రాబట్టే ప్రమాణం. దాని నియమాలను నైయాయికులు, మీమాంసకులు, బౌద్ధులు శతాబ్దాల పాటు వాదించుకొని పదును పెట్టారు. మీటరు చూపే తక్కువ అంకెను ఆ నియమాల ముందు నిలబెట్టి చూస్తే తప్పు చాలావరకు అంకెలోనూ లేదు, నియమం పాటించే మనిషిలోనూ లేదు, ఆ రెండింటి నడుమ జరిగిన ఊహలో ఉన్నదని తేలుతుంది.

కీటోన్లు కొవ్వు ఆమ్లాల నుండి కాలేయం తయారుచేసే చిన్న అణువులు. ఎసిటో ఎసిటేట్, బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్, ఎసిటోన్ అని వీటికి మూడు రూపాలు. మొదటి రెండూ కణాలకు ఇంధనంగా పనికివస్తాయి, మూడవది చాలావరకు ఊపిరితో బయటికి పోతూ నోటికి ఒక విధమైన పండు వాసన తెస్తుంది. అన్నం, రొట్టె, చక్కెర బాగా తగ్గినప్పుడు రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ తగ్గితే శరీరంలోని కొవ్వు కణజాలం తన నిల్వను కొవ్వు ఆమ్లాలుగా వదలడం మొదలుపెడుతుంది. కాలేయంలో గ్లూకోజు నిల్వరూపమైన గ్లైకోజెన్ అడుగంటిన కొద్దీ అక్కడికి చేరిన కొవ్వు ఆమ్లాలలో ఒక భాగం పూర్తిగా దహనం కాకుండా కీటోన్లుగా మారుతుంది. వీటిని తయారుచేసే శక్తి కాలేయానికి ఉన్నది గాని వాడుకోవడానికి కావలసిన ఎంజైము దానికి లేదు, కనుక తాను చేసినదంతా మెదడుకు, గుండెకు, కండరాలకు, మూత్రపిండాలకు పంపవలసిందే. రక్తపు మీటరు కొలిచేది ఈ మూడింటిలో బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్‌ను మాత్రమే. దానిని లీటరు రక్తానికి ఇన్ని మిల్లీమోళ్లు అని చెబుతారు. మోల్ అనేది అణువుల సంఖ్యను తెలిపే కొలమానం, మిల్లీమోల్ అందులో వెయ్యోవంతు. మామూలు భోజనం చేసేవారిలో ఈ అంకె 0.5 కన్నా తక్కువే ఉంటుంది. స్టీఫెన్ ఫిన్నీ, జెఫ్ వోలెక్ అనే అమెరికన్ పరిశోధకులు 0.5 నుండి 3.0 వరకు ఉన్న మేరను పోషక కీటోసిస్ పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. మధుమేహంలో ఇన్సులిన్ బొత్తిగా లోపించినప్పుడు ఇదే అంకె 10 దాటి రక్తాన్ని ప్రమాదకరంగా ఆమ్లీకరించగలదు.

ఈ అంకెను చూసేవారు సాధారణంగా మరచిపోయే సంగతి ఒకటి ఉన్నది. మీటరు చెప్పేది ఆ క్షణంలో రక్తంలో మిగిలి ఉన్న కీటోన్ల గాఢతనే తప్ప, కాలేయం ఎంత తయారుచేసిందో, అవయవాలు ఎంత వాడుకున్నాయో చెప్పదు. చెరువులో నీటిమట్టాన్ని మాత్రమే చూసి ఆ ఏడు వాన ఎంత పడిందో చెప్పబోతే తూముల గుండా పొలాలకు పోయిన నీరు లెక్కలోకి రాకుండా పోతుంది. ఉత్పత్తి స్వల్పమై వాడకం అంతకన్నా స్వల్పమైతే గాఢత పెరగవచ్చు. ఉత్పత్తి పుష్కలమై వాడకం దానితో సమానంగా సాగితే గాఢత తక్కువగానే నిలబడవచ్చు. కనుక ఒకే 0.3 అనే అంకె ఒకరిలో కీటోన్లు పుట్టనే లేదని, మరొకరిలో పుట్టినవి పుట్టినట్టే ఖర్చయ్యాయని సూచించగలదు, ఈ రెండింటిలో ఏది నిజమో చెప్పే శక్తి మాత్రం ఆ అంకెకు లేదు.

నిప్పు లేనిదే పొగ రాదన్నది తెలుగువారి నోట నిత్యం నానే సామెత. తర్కశాస్త్రం అనుమానాన్ని బోధించేటప్పుడు ఎంచుకున్న ఉదాహరణ కూడా ఇదే: కొండ మీద పొగ కనబడుతున్నది, కనుక అక్కడ నిప్పు ఉన్నది. ఇందులో పొగ హేతువు, అంటే తెలిసిన గుర్తు. నిప్పు సాధ్యం, అంటే తేలవలసిన విషయం. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉండితీరుతుందన్న తప్పని సంబంధానికి వ్యాప్తి అని పేరు. 17వ శతాబ్దపు తెలుగు పండితుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం, దానికి ఆయనే రాసుకున్న దీపిక వ్యాఖ్యతో కలిసి, నేటికీ భారతదేశమంతటా తర్కం నేర్చుకొనేవారికి తొలి పాఠ్యగ్రంథంగా ఉన్నది; ఆ చిన్న పుస్తకంలో ఆయన ఈ ఉదాహరణను చెప్పి ఊరుకోలేదు, దానిని తలకిందులు చేసి కూడా చూపించాడు. కొండ మీద నిప్పు ఉన్నది గనుక పొగ ఉండాలి అని ఎవరైనా అంటే అది దుష్టహేతువు, ఎందుకంటే ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది గాని పొగ ఉండదు. పొగ రావాలంటే నిప్పు ఒక్కటే చాలదు, తడి కట్టెతో దానికి సంబంధం కలగాలి. హేతువు తనంతట తాను సాధ్యాన్ని తేలేక, వెనుక దాగిన మరొక షరతు సాయంతో తెస్తున్నట్టయితే ఆ షరతును ఉపాధి అంటారు. తడి కట్టె ఇక్కడ ఉపాధి.

నియమపాలకుడి నిరాశను ఈ చట్రంలో పెట్టి చూడవచ్చు. కీటోన్లు తక్కువగా ఉన్నాయి, కనుక కొవ్వు కరగడం లేదు అన్నది అతని వాదం. పొగ కనబడలేదు గనుక నిప్పు లేదన్నట్టే ఇదీ. ఈ వాదం నిలబడాలంటే కొవ్వు కరిగిన చోటల్లా రక్తంలో కీటోన్లు పేరుకొని తీరాలన్న వ్యాప్తి కావాలి. ఆ వ్యాప్తి లేదు. రాత్రి భోజనం చేసి తెల్లవారి లేచిన మామూలు మనిషి కండరాలు విశ్రాంతిలో ఉన్నంతసేపూ ప్రధానంగా కొవ్వు ఆమ్లాలనే దహిస్తుంటాయి, అయినా అతని రక్తంలో కీటోన్లు నామమాత్రంగానే కనబడతాయి. నెమ్మదిగా చాలాదూరం నడిచేవాడు గాని, మంద్రవేగంతో పరుగెత్తే అలవాటున్నవాడు గాని కొవ్వు ఆమ్లాలను నేరుగా కండరాల్లోనే కాల్చుకుంటాడు, కాలేయం గుండా కీటోన్ల దారి పట్టించవలసిన పని అతనికి లేదు. ఇవన్నీ అన్నంభట్టు చూపిన ఇనుపగుండ్లే. రక్తంలో కీటోన్లు పేరుకోవడానికి ఇన్సులిన్ తగినంత తగ్గడం, కాలేయంలో గ్లైకోజెన్ తరగడం, వాడకాన్ని మించి ఉత్పత్తి సాగడం అనే షరతులు కలిసిరావాలి, అవే ఇక్కడి తడి కట్టెలు. వ్యాయామం అలవాటున్నవారిలో, శ్రమ తరువాత పెరిగే కీటోన్ల గాఢత అలవాటు లేనివారితో పోలిస్తే తక్కువగా ఉంటుందని 1969లోనే ఇంగ్లండు పరిశోధకులు గమనించారు.

వ్యాప్తి ఇటు తెగినట్టే అటు కూడా తెగుతుంది. అంకె ఎక్కువగా ఉన్నది గనుక ఒంట్లోని కొవ్వు కరుగుతున్నది అన్న వాదాన్ని మొదటిదానికన్నా తేలికగా నమ్ముతారు, దానిలో నిరాశ లేదు గనుక. కాని కీటోన్లను లవణాల రూపంలోనో ఎస్టర్ల రూపంలోనో బయట తయారుచేసి అమ్ముతున్నారు. వాటిని తాగినవాడి రక్తంలో అరగంటలో అంకె పైకి లేస్తుంది, ఆ పూట అతడు కడుపునిండా అన్నం తిన్నా సరే. ఎనిమిది కర్బన పరమాణువులున్న కాప్రిలిక్ ఆమ్లం వంటి మధ్యస్థ గొలుసు కొవ్వులు పేగు నుండి నేరుగా కాలేయానికి చేరి వేగంగా కీటోన్లుగా మారతాయి. 2017, 2018 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన నియమం ద్వారా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఇళ్ల వంటగదుల్లోకి కొబ్బరినూనె వచ్చి చేరినప్పుడు, అది కీటోన్ల గని అన్న నమ్మకం కూడా దాని వెంటే వచ్చింది. నిజానికి కొబ్బరినూనెలో సగానికి దగ్గరగా ఉండేది పన్నెండు కర్బనాల లారిక్ ఆమ్లం, అది కాప్రిలిక్ ఆమ్లమంత చురుకుగా కీటోన్లుగా మారదు. అయినా ఏ నూనె ద్వారా అంకె పెరిగినా పెరిగిన మేరకు అది తాగిన నూనెకు గుర్తు, నడుము చుట్టూ ఉన్న కొవ్వుకు కాదు. హేతువు సాధ్యం ఉన్నచోటా లేనిచోటా రెండింటా కనబడితే దానిని సవ్యభిచారమంటారు, అంటే ఒక పక్షానికి కట్టుబడని గుర్తు. హేత్వాభాసాలు, అంటే హేతువులా కనబడే దోషాలు, ఐదని లెక్కపెట్టిన నైయాయికులు దీనినే మొదట పేర్కొన్నారు.

ఇక్కడ ఇంకొక సూక్ష్మం ఉన్నది, దీనిమీద కాస్త నిలవడం అవసరం. కొవ్వు దహనమవుతున్నదని ఏ విధంగానైనా నిశ్చయంగా తేలిందనుకున్నా, కాలుతున్నది ఎక్కడి కొవ్వు అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. శ్వాసలో బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌కు, శరీరం వాడుకున్న ఆక్సిజన్‌కు ఉన్న నిష్పత్తిని కొలిచి శరీరం ఏ ఇంధనాన్ని వాడుతున్నదో తెలుసుకొనే పద్ధతి ఉన్నది. శుద్ధ పిండిపదార్థం కాలుతుంటే ఆ నిష్పత్తి 1.0 దగ్గర, శుద్ధమైన కొవ్వు కాలుతుంటే 0.7 దగ్గర నిలుస్తుంది. నెత్తుటి చుక్కకన్నా ఇది నిప్పుకు దగ్గరి సాక్ష్యం. అయినా పళ్లెంలోంచి వచ్చిన నెయ్యి కాలినా, పొట్టలో పదేళ్లుగా పేరుకున్న కొవ్వు కాలినా అది 0.7నే చూపిస్తుంది. 2016లో కెవిన్ హాల్ బృందం వెలువరించిన పరిశోధనలో 17 మంది అధిక బరువున్న పురుషులను పరిశోధనాలయంలోనే ఉంచి, శక్తి పరిమాణం సమానంగా ఉండేటట్టు చూస్తూ, మామూలు ఆహారం నుండి కీటోజెనిక్ ఆహారానికి మార్చినప్పుడు ఇన్సులిన్ తగ్గింది, కొవ్వు దహనం పెరిగింది, ఒంట్లోని కొవ్వు తరుగుదల మాత్రం వేగం పుంజుకోలేదు. తిన్న కొవ్వు పెరిగింది గనుక కాలిన కొవ్వు పెరిగింది. నిల్వలోంచి పోయినది అంతమేర పెరగవలసిన నియమమేమీ లేదు. మీటరు ఇంత దూరపు సంగతి చెబుతుందని ఆశించడం దాని తాహతుకు మించిన పని అప్పగించడమే.

అంకె తక్కువ అన్నమాట మరొక కోణంలో ఒక లేమిని గురించిన జ్ఞానం. లేని వస్తువు లేదని ఎట్లా తెలుస్తుంది అన్నదానిమీద మన దర్శనాలు పెద్ద తగవే పడ్డాయి. కుమారిలభట్టు సంప్రదాయపు మీమాంసకులు, వారి ననుసరించి అద్వైతులు, అభావాన్ని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణం ఉన్నదన్నారు. అనుపలబ్ధి అంటే కనబడకపోవడమే. నైయాయికులు దానిని వేరు ప్రమాణంగా ఒప్పుకోక ప్రత్యక్షంలోనే ఇమిడ్చారు. ఏ పక్షమైనా ఒక షరతును మాత్రం అందరూ గట్టిగా పట్టుకున్నారు: వస్తువు అక్కడ ఉండి ఉంటే తప్పక కనబడేటటువంటి పరిస్థితి ఉన్నప్పుడే అది కనబడకపోవడం దాని లేమికి సాక్ష్యమవుతుంది. వెలుగున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదని చెప్పవచ్చు. చీకటి గదిలో కనబడకపోతే చెప్పరాదు. పిశాచం స్వభావతః కంటికి కనబడేది కాదు గనుక వెలుగులో వెతికినా దాని లేమి ఆ విధంగా రుజువు కాదు. ఈ షరతునే యోగ్యత అన్నారు.

కీటోన్ల కొలతలో యోగ్యత చాలాసార్లు లోపిస్తుంది. మూత్రంలో ముంచే పట్టీ మీద నైట్రోప్రుసైడ్ అనే రసాయనం ఉంటుంది, అది ఎసిటో ఎసిటేట్‌తో కలిసినప్పుడు ఊదారంగు తేలుతుంది. రక్తంలో ప్రధానంగా ఉండే బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్‌ను ఆ పట్టీ గుర్తించనే గుర్తించదు. దానికి తోడు మూత్రంలోని గాఢత తాగిన నీటిని బట్టి మారిపోతుంది, దీర్ఘోపవాసంలో మూత్రపిండాలు కీటోన్లను పారబోయక తిరిగి పీల్చుకోవడం కూడా మొదలుపెడతాయి. కనుక మొదటి వారంలో ముదురు ఊదాగా వచ్చిన పట్టీ తరువాతి రోజుల్లో పాలిపోతే నియమం దెబ్బతిన్నదనడానికి అది చీకటి గదిలోని కుండ వంటి సాక్ష్యమే. రక్తపు మీటరు దీనికన్నా ఎంతో నమ్మదగినది, అయినా దాని వెలుగు కూడా అన్నివేళలా ఒకేలా ఉండదు. చాలామందిలో తెల్లవారుజామున కార్టిసాల్ వంటి హార్మోన్ల ప్రభావం వల్ల గ్లూకోజు పెరిగి కీటోన్లు తక్కువగా ఉంటాయి, మధ్యాహ్నం దాటి సాయంత్రానికి పెరుగుతాయి. గట్టిగా వ్యాయామం చేస్తున్నంతసేపూ తక్కువగా ఉన్న అంకె ఆపిన తరువాత గంట రెండు గంటలకు లేవవచ్చు. ఇంగ్లండులో కోర్టిస్, డగ్లస్ అనే శాస్త్రవేత్తలు 1936లో వర్ణించిన ఫలితం ఇదే. ఇంకా పట్టీకి గాలిలోని తేమ తగిలినా, వేలు సరిగా తుడవకపోయినా అంకె మారుతుంది. పదోవంతు మెట్లతో లెక్కించే పరికరంలో 0.4కూ 0.5కూ నడుమ ఉన్న తేడా పరికరపు సహజ దోషంలోనే కలిసిపోతుంది, కనుక 0.5 దగ్గర గీసిన గీతకు ఇవతల ఉన్నవాడు పతితుడు, అవతల ఉన్నవాడు సిద్ధుడు అనడం గీత గీసినవారు కూడా ఉద్దేశించని అర్థం.

ఇంతవరకు చెప్పినది నియమపాలకుడికి ఊరటగా వినబడవచ్చు. అందువల్లనే ఊరట పేరుతో చలామణి అయ్యే ఒక సమాధానాన్ని కూడా అదే కఠినత్వంతో పరీక్షించాలి. నెలల తరబడి నియమంలో ఉన్నవారి అంకె తగ్గితే, శరీరం కీటోన్లను వాడుకోవడంలో నేర్పు సాధించింది గనుక రక్తంలో మిగలడం లేదు అని చెబుతారు. ఇది కొందరిలో నిజం కావచ్చు. కాని బోస్టన్‌లో జార్జ్ కేహిల్ బృందం 1967లో ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధన దీనికి ఎదురుదిశను కూడా చూపిస్తుంది. ఐదారు వారాల పాటు ఏమీ తినకుండా ఉన్న ముగ్గురు స్థూలకాయుల మెదడుకు పోయే రక్తాన్ని, తిరిగి వచ్చే రక్తాన్ని పోల్చి చూసినప్పుడు, అంతవరకు గ్లూకోజు మీదనే బతుకుతుందని భావించిన మెదడు తన ఇంధనంలో దాదాపు మూడింట రెండు వంతులు కీటోన్ల నుండి తీసుకుంటున్నదని తేలింది. దీర్ఘోపవాసంలో కండరాలు కీటోన్లను వాడటం తగ్గించి కొవ్వు ఆమ్లాలకు మళ్లుతాయి, ఆ విధంగా కీటోన్లను మెదడుకు వదిలిపెడతాయి, రక్తంలో వాటి గాఢత పెరిగి 5, 6 మిల్లీమోళ్ల దాకా పోతుంది. అంటే అలవాటుపడటం అన్న ఒకే మాటతో అంకె పెరగడాన్నీ వివరించవచ్చు, తగ్గడాన్నీ వివరించవచ్చు. అంకె పెరిగితే నియమం ఫలించింది, తగ్గితే శరీరం ఆరితేరింది అని రెండు విధాలా గెలిచే వాదం దేనినీ నిరూపించదు. ఏ పరిశీలన తనను కాదనగలదో ముందే చెప్పలేని సిద్ధాంతానికి ఏ పరిశీలనా సాక్ష్యం కాజాలదు. తక్కువ అంకె వైఫల్యానికి రుజువు కాదన్నది ఎంత నిజమో, సాఫల్యానికి రుజువు కాదన్నదీ అంతే నిజం.

కేహిల్ ప్రయోగాన్ని చదివినవారికి ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలోని శ్వేతకేతువు గుర్తుకు రావడం సహజం. మనస్సు అన్నమయమని బోధించిన ఉద్దాలకుడు కొడుకును పదిహేను రోజులు నీరు తప్ప మరేమీ తీసుకోవద్దన్నాడు. ఆ తరువాత వేదం చెప్పమంటే శ్వేతకేతువుకు ఏదీ స్ఫురించలేదు, తిరిగి భుజించాక అంతా జ్ఞాపకం వచ్చింది. పెద్ద మంటలో మిణుగురంత నిప్పు మాత్రం మిగిలితే అది దేనినీ కాల్చలేదని, దానికి గడ్డి వేసి రాజేస్తే మళ్లీ మండుతుందని తండ్రి వివరించాడు. ఉపనిషత్తులో ఆధునిక జీవరసాయనాన్ని వెతికేవారు చేసే పొరపాటును ఇక్కడ చేయనక్కరలేదు, అక్కడి ఉద్దేశం మనస్సు దేనిమీద ఆధారపడి ఉన్నదో చూపించడం. అయినా ఒక విషయం గమనించదగినది: ఉద్దాలకుడు శిష్యుడి శరీరంలో మిగిలిన నిప్పును ఏ కొలతతోనూ పరీక్షించలేదు. ఆ నిప్పు వల్ల జరగవలసిన పని జరుగుతున్నదా అని అడిగి చూశాడు. ఒక జ్ఞానం నిజమైనదో కాదో దాని మూలంగా సాగిన ప్రవృత్తి ఫలించడాన్ని బట్టి తెలుస్తుందని నైయాయికులు తరువాతి కాలంలో సిద్ధాంతీకరించారు. దాహంతో నీటివైపు నడిచినవాడికి దాహం తీరితే తాను చూసినది నీరేనని తేలుతుంది.

ఫలాన్ని బట్టి చూడాలంటే ఫలమేదో ముందుగా తేలాలి, అసలు చిక్కు అక్కడ ఉన్నది. జైమిని సూత్రాల నాలుగవ అధ్యాయంలో మీమాంసకులు యాగంలోని ప్రతి పనిని గురించి ఒక ప్రశ్న వేశారు: ఇది యాగం కోసమా, యాగం చేసే మనిషి కోసమా? వడ్లమీద నీళ్లు చిలకరించడం యాగానికి ఉపకరిస్తుంది, దానిని క్రత్వర్థమన్నారు. యజమాని కోరుకున్న స్వర్గం వంటిది పురుషార్థం. నీరు తేవడానికి మామూలుగా ఒక చెక్క పాత్రను వాడతారు, పశువులను కోరే యజమాని అయితే పాలు పితికే పాత్రలో తేవాలని విధి. తెచ్చేది అదే నీరు, కాని రెండవ పాత్ర యాగపు అవసరం కోసం గాక మనిషి కోరిక కోసం వచ్చింది. రక్తంలోని కీటోన్ల అంకె బరువు తగ్గగోరేవాడికి క్రత్వర్థం, అంటే ఉపాయంలో ఒక అంగం. నడుము కొలత, ఆకలి అదుపు, మధుమేహం అంచున ఉన్నవారికి మూడు నెలల సగటు చక్కెర, ఇవి అతడు కోరిన పురుషార్థానికి దగ్గరివి. ఏకాదశి ఉపవాసంలో అన్నం ముట్టకపోవడమే వ్రతం, ముట్టితే వ్రతభంగం, దానికి వేరే కొలత అక్కరలేదు. ఆహార నియమాన్ని వ్రతంగా, అంకెను వ్రతఫలంగా భావించినవాడు 0.2 చూసి పాపభీతి వంటిదానికి లోనవుతాడు, దానిని పోగొట్టుకోవడానికి ఇంకొక చెంచా నెయ్యి తాగుతాడు. అంకె కొద్దిగా పెరుగుతుంది, కోరిన ఫలం ఇంకాస్త దూరమవుతుంది. అతి తిండి తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం సిద్ధించదన్న గీత ఆరవ అధ్యాయపు మాటను ఉపవాసపు ఉత్సాహంలో ఉన్నవారికి చెప్పడం పరిపాటి, నెయ్యి తాగి అంకెను నిలబెట్టుకొనేవారికి కూడా అది చెప్పవలసినదే.

తక్కువ అంకె వెనుక నిజంగానే నియమలోపం ఉండే సందర్భాలు లేకపోలేదు, అవి ఎక్కువగా వంటింట్లోనే దొరుకుతాయి. రోజుకు పిండిపదార్థాలు సుమారు 20 నుండి 50 గ్రాములకు మించరాదని కట్టుబాటు పెట్టుకున్నవారు అన్నాన్ని, ఇడ్లీని, చపాతీని మానినా, పులుసులో పిసికిన నిమ్మకాయంత చింతపండును, దానికి విరుగుడుగా వేసిన బెల్లం ముక్కను, కూర చిక్కదనానికి వేయించిన ఉల్లిపాయలను, నేతితో కలిపామన్న ధైర్యంతో తిన్న కందిపొడిని లెక్కవేయరు. చింతపండు గుజ్జులో బరువుకు సగానికి పైగా పిండిపదార్థమే, కందిపప్పులోనూ అంతే. మాంసకృత్తులు అవసరానికి మించి తిన్నప్పుడు కూడా ఇన్సులిన్ పెరిగి కీటోన్ల ఉత్పత్తి తగ్గవచ్చు. ఈ కారణాలను వెతకడం సబబే, కాని వెతకడానికి అంకె ప్రేరణ ఇస్తుందే తప్ప తీర్పు ఇవ్వదు.

ఇదే గుర్తు వేరొక మనిషి విషయంలో బలమైన హేతువు కాగలదన్న సంగతిని విస్మరిస్తే ఈ చర్చ ఏకపక్షమవుతుంది. ఇన్సులిన్ మీద ఆధారపడిన మధుమేహ రోగికి అంకె తక్కువగా ఉండటమే క్షేమం, ఎక్కువగా ఉండటం వైద్యుడి దగ్గరికి పరుగెత్తవలసిన సంకేతం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారిలో చక్కెర పెద్దగా పెరగకుండానే కీటోన్లు ప్రమాదస్థాయికి చేరవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో హెచ్చరించింది. అటువంటివారు వైద్యుడికి చెప్పకుండా ఈ నియమంలోకి దిగి, పెరిగిన అంకెను చూసి సంతోషిస్తే అది విరుద్ధ హేత్వాభాసం, అంటే తాను సాధించబోయినదానికి సరిగ్గా వ్యతిరేకాన్ని సాధించే గుర్తు.

ఈ నియమం పుట్టినది మాత్రం బరువు కోసం గాని చక్కెర కోసం గాని కాదు. ఉపవాసం మూర్ఛలను తగ్గిస్తుందన్న పాత అనుభవాన్ని ఆధారం చేసుకొని, తింటూనే ఉపవాసఫలం పొందవచ్చునన్న ఆలోచనతో రస్సెల్ వైల్డర్ 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో దీనిని ప్రతిపాదించాడు. మందులకు లొంగని మూర్ఛవ్యాధి ఉన్న పిల్లలకు నేటికీ దీనిని వైద్యుల పర్యవేక్షణలో ఇస్తున్నారు. అక్కడ ఒక గ్రాము మాంసకృత్తులు, పిండిపదార్థాలకు కలిపి నాలుగు గ్రాముల కొవ్వు అన్న నిష్పత్తిలో ప్రతి ముద్దనూ గ్రాముల తక్కెడలో తూచి పెడతారు, గిన్నెకు అంటిన నెయ్యిని కూడా గరిటెతో గీకి తినిపిస్తారు. బయట అదుపు లేకుండా మారే షరతులలో ముఖ్యమైనవి ఇక్కడ కట్టుబడి ఉంటాయి. ఉపాధులు అదుపులో ఉన్నాయి గనుక తెగిపోయిన వ్యాప్తి చాలావరకు అతుక్కుంటుంది. రోజూ ఒకే వేళకు చూసే అంకె ఉన్నట్టుండి పడిపోతే ఎక్కడో పిండిపదార్థం చేరిందని అనుమానించడం అప్పుడు న్యాయమైన అనుమానమే, వైద్యబృందం మొదట వెతికేది జలుబుకు ఇచ్చిన తియ్యని సిరప్‌ను, ఆ తరువాత పళ్లు తోమే పేస్టును. సిరప్ ఉన్నట్టు తేలితే అదే మందును చక్కెర లేని మాత్రగా మార్చి తరువాతి రోజుల కొలతలు పోల్చి చూస్తారు. మూర్ఛల అదుపుకు మూత్రపు పట్టీకన్నా రక్తంలోని బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్ దగ్గరగా సరిపోలుతున్నదని 2000లో వెలువడిన ఒక పరిశీలన చూపించింది, అయితే ఆ పొంతన కూడా సంపూర్ణం కాదు. అంకె ఎక్కువగా ఉన్నా మూర్ఛలు ఆగని పిల్లలున్నారు, ఒక మోస్తరు అంకెతోనే ఆగినవారూ ఉన్నారు. అందువల్ల తల్లిదండ్రులు రాసే పుస్తకంలో ఒక గడిలో కీటోన్ల కొలత, దాని పక్క గడిలో ఆ రోజు వచ్చిన మూర్ఛల సంఖ్య ఉంటాయి, మోతాదు మార్చేముందు వైద్యుడు రెండవ గడినే ముందు చదువుతాడు.